సర్గాసోలో అర్ధరాత్రి వల

ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ రేవులో మా ఓడను మొదటిసారి చూసి, ఇంత చిన్నదా అనుకున్నాను. పేరు కార్విత్ క్రేమర్. పొడవు 134 అడుగులు, రెండు స్తంభాల తెరచాప ఓడ, 1987లో స్పెయిన్‌లోని బిల్బావోలో కట్టారు. మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్ కేంద్రంగా పనిచేసే సీ ఎడ్యుకేషన్ అసోసియేషన్ వాళ్లది. డిగ్రీ పిల్లలే ఇందులో పనివాళ్లు కూడా. తెరచాపలు ఎత్తడం, చుక్కాని పట్టడం, ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చోవడం, అంట్లు తోమడం అన్నీ మా పనులే. "ఫీజు కట్టి మరీ అంట్లు తోముతున్నావా!" అంది అమ్మ ఫోన్లో.

శాన్ హువాన్ నుంచి ఉత్తరంగా, అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రం దాటి బెర్ముడా దీవులకు వెళ్లాలి. ఈ సముద్రానికి ఏ వైపునా ఒడ్డు లేదు. పడమట గల్ఫ్ స్ట్రీమ్, మిగతా మూడు వైపులా వేరే ప్రవాహాలు గుండ్రంగా తిరుగుతుంటే, మధ్యలో చిక్కుకుని నిలిచిన నీళ్లివి. మొదట్లో నేను చూసింది మాత్రం బకెట్టు అడుగే. వాంతులు తగ్గాక గానీ తల ఎత్తలేదు.

పని మూడు జట్ల మధ్య నడుస్తుంది. పగలు ఆరేసి గంటల షిఫ్టులు రెండు, రాత్రి నాలుగేసి గంటలవి మూడు. అందుకే రోజూ మన వేళ మారిపోతుంది. తిండికి మాత్రం లోటు లేదు, చిరుతిళ్లతో కలిపి రోజుకు ఆరుసార్లు పెడతారు. భోజనాల బల్ల ఇరుసు మీద ఊగుతుంది. ఓడ ఎటు ఒరిగినా కంచాలు మట్టంగానే ఉంటాయి. దాని మీద మోచెయ్యి ఆనించారా, పప్పు సూప్ అంతా ఎదుటివాడి ఒళ్లో పడుతుంది.

మాది భీమవరం పక్క పల్లె. నాన్నకు రొయ్యల చెరువులున్నాయి. తెలుపు, నలుపు భాగాలున్న సెక్కీ డిస్క్‌ను చెరువులో దింపి, ఎంత లోతున మాయమవుతుందో నాన్న చూడటం చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. ముప్పై నలభై సెంటీమీటర్లకే మాయమైతే ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, బాగా పట్టినట్టు. నీళ్లు తేటగా ఉంటే నాన్నకు టెన్షన్. ఇక్కడ అలాంటి పళ్లేన్నే తాడు కట్టి దింపితే నలభై మీటర్లు దాటినా మెరుస్తూనే ఉంది. ఫొటోల్లో అందరూ మురిసిపోయే ఆ ముదురు నీలం, మా ఊరి లెక్కన మేత లేని చెరువు. ఎరువు లాంటి నైట్రేటు, ఫాస్ఫేటు కింది చల్లటి నీళ్లలో ఉండిపోతాయి, ఎండ తగిలే పైపొరకు అందవు.

ఆ కింది నీళ్లు తీయాలంటే ఓడ ఆగాలి. తెరచాప ఓడకు బ్రేకులుండవు కదా. ముందు స్తంభం తెరచాపలను గాలికి ఎదురుగా తిప్పుతారు, అవి ఓడను వెనక్కి నెడతాయి. వెనక స్తంభం తెరచాప ముందుకు తోస్తుంది. రెండూ తూగితే ఓడ దాదాపు ఉన్నచోటే నిలబడుతుంది. అప్పుడు సీసాల చట్రాన్ని వైరు మీద కిందికి వదులుతాం. ఉష్ణోగ్రత గీత తెర మీద దిగుతూ దిగుతూ, సుమారు 200 మీటర్ల దగ్గర 18 డిగ్రీలకు వచ్చి, 400 దాకా కదలకుండా నిలబడింది. చలికాలంలో గల్ఫ్ స్ట్రీమ్‌కు దక్షిణాన చల్లబడి దిగిన నీరది. పాఠంలో చదివినప్పుడు నేను నమ్మలేదు.

నాకు బాగా ఇష్టమైంది అర్ధరాత్రి వల. మీటరు వెడల్పు మూతి, మిల్లీమీటరులో మూడో వంతు కన్నులు. రెండు నాట్ల వేగంతో, అంటే గంటకు నాలుగు కిలోమీటర్ల లోపే, అరగంట నీటి పైపొరలో లాగుతాం. పగలు అదే వల దాదాపు ఖాళీగా వచ్చేది. రాత్రి లోతుల్లోంచి ప్రాణులు మేతకు పైకి వస్తాయి. తలకు ఎర్ర లైటు కట్టుకుని వల కొస విప్పితే బకెట్టులో నీలిమెరుపులు. రొయ్య పిల్లలు, వాటికి దూరపు చుట్టాలైన చిట్టి కోపెపాడ్లు, ఒళ్లంతా దీపపు చుక్కలున్న లాంతరు చేపలు. నడిసముద్రం మీద బతకగలిగిన ఒకే కీటక ప్రజాతి హాలోబేట్స్ కూడా దొరికింది. ఒకసారి ఆకులాంటి గాజు పురుగు పడింది. మలుగుపాముల తరహా చేప పిల్ల అది. ఏ జాతిదో తేల్చలేకపోయాం. యూరప్ నదుల్లో తిరిగే మలుగులు ఇక్కడే పుడతాయని డెన్మార్క్‌కు చెందిన యోహానెస్ ష్మిట్ వందేళ్ల కిందట తేల్చాడు. పిల్లలు ఎక్కడ అన్నిటికన్నా చిన్నగా దొరుకుతాయో వెతుకుతూ ఏళ్ల తరబడి వలలు లాగించాడు. అయినా అవి ఇక్కడ గుడ్లు పెడుతుండగా ఇప్పటిదాకా ఎవరి కంటా పడలేదు.

ఆ తర్వాతి పని బోరు, దాచడం దేనికి. వంద ప్రాణులను ఒక్కొక్కటిగా గుర్తుపట్టి లెక్క రాయాలి. పక్కన ఇంకో గిన్నెలో ప్లాస్టిక్ ముక్కలు. ఊగే ఓడలో, తెల్లవారుజామున మూడింటికి, పట్టకారుతో. కానీ 1986 నుంచి 2008 వరకు విద్యార్థులు ఇలాగే లాగిన 6,100కు పైగా వలల లెక్కతోనే 2010లో సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. అరవై శాతానికి పైగా వలల్లో ప్లాస్టిక్ ఉంది. వింతేమిటంటే ప్రపంచంలో ప్లాస్టిక్ తయారీ పెరుగుతూ పోయినా, ఆ ఇరవై రెండేళ్లలో వలకు చిక్కేది మాత్రం పెరిగినట్టు తేలలేదు. మునిగిపోతోందా, వల కన్నుకన్నా చిన్నగా చితికిపోతోందా, చేపల పొట్టల్లోకి పోతోందా? ఇంకా సన్న కన్ను వల కొనొచ్చు కదా అని మా జట్టులో ఒకడు అడిగాడు. కొంటే పాత లెక్కలతో పోల్చలేం అన్నారు ల్యాబ్ మేడమ్. నాకు ఆ మొండితనం నచ్చింది.

సర్గాసమ్ నాచుకూ ఇదే పద్ధతి. బంగారు రంగు గుత్తులు తేలుతూ వస్తే గాలంతో లాగి, దులిపితే చిట్టి పీతలు, రొయ్యలు, నాచు రంగులోనే ఉండే సర్గాసమ్ చేపలు రాలతాయి. తర్వాత రకాలుగా విడదీయాలి. కాండానికి ముళ్లున్నాయా, గాలిబుడగ కొసన ముల్లుందా అని చూడాలి. 2011 నుంచి ఈ నాచు కరీబియన్ తీరాలను ముంచెత్తుతోంది. 2014-15లో వచ్చినదాంట్లో ఎక్కువ భాగం ఒకప్పుడు అరుదుగా కనిపించిన నటాన్స్-8 రకమని 2015లో బయటపెట్టింది ఇలా ఓడల మీద చేసిన పరిశీలనలే.

బెర్ముడా ఒడ్డున దిగేసరికి కుళ్లిన గుడ్ల కంపు. ఎండిన నాచు కుప్పలు పడి ఉన్నాయి. టాక్సీ డ్రైవరు ముక్కు మూసుకుని తిట్టుకుంటున్నాడు. నేను ఒక రెమ్మ తీసి కాండం తడిమాను. ముళ్లు ఉన్నాయి, బుడగలకు లేవు. ఫ్లూయిటాన్స్-3 అనే రకం. "చేతులు కడుక్కునే కారెక్కు" అన్నాడాయన.