ఈ అంకె ఎవరిది?

"ఈ వోల్టేజీ ఎవరిది?" అని ఆమె అడిగినప్పుడు నాకు ప్రశ్నే అర్థం కాలేదు.

జర్మనీలో మా ఎంఆర్‌ఐ ప్రయోగశాలలో సీనియర్ టెక్నీషియన్ ఆమె. ఆ ఉదయం చిన్న నీళ్ల సీసా పెట్టి పల్స్ సరిచూసుకున్నాను. పల్స్ అంటే నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాల అయస్కాంతత్వాన్ని కావలసిన కోణానికి తిప్పే చిన్న రేడియో తరంగం. దాని వోల్టేజీ పెంచుతూ పోతే నీళ్ల నుంచి వచ్చే సంకేతం పెరిగి, 90 డిగ్రీల దగ్గర గరిష్ఠానికి చేరి, 180 దగ్గర దాదాపు మాయమవుతుంది. అది మాయమైన చోటు పట్టుకుని వోల్టేజీ సగం చేస్తే 90 డిగ్రీల పల్స్ దొరుకుతుంది. కొన్ని నిమిషాల పని. మధ్యాహ్నం పెద్ద ఉప్పునీటి సీసా పెట్టి, ఆ పని మళ్లీ చేయకుండా పాత అంకెతోనే సాయంత్రం దాకా కొలతలు తీశాను.

"అది ఆ సీసాది, దీనిది కాదు. ఇవన్నీ పారెయ్" అంది, విద్యార్థులందరి ముందు. కోటు వేసుకుని వెళ్లిపోయింది. మన ఇళ్లలో ఎంత తిట్టినా ఆ వెంటనే అన్నం తిన్నావా అని అడుగుతారు.

ఆమె మాటలో తప్పు లేదు. మిల్లీసెకను పాటు ఒకే బలంతో ఉండే పల్స్ 90 డిగ్రీలు తిప్పాలంటే 5.9 మైక్రోటెస్లాల అయస్కాంత క్షేత్రం కావాలి. అది ఎక్కడైనా అంతే. అంత క్షేత్రం రావడానికి, పల్స్ పంపే తీగచుట్టకు, అంటే కాయిల్‌కు ఎంత వోల్టేజీ ఇవ్వాలన్నది మాత్రం లోపల ఉన్నదాన్ని బట్టి మారుతుంది. ఉప్పునీరైనా మనిషి ఒళ్లైనా ఆ శక్తిలో కొంత తాగేస్తుంది. ఆస్పత్రి యంత్రాలు అందుకే ప్రతి రోగికీ దీన్ని మళ్లీ సరిచూసుకుంటాయి. పల్స్ కోణాలు మార్చి టీ1 (పల్స్ తర్వాత ఆ అయస్కాంతత్వం మళ్లీ మామూలు స్థితికి చేరే వేగాన్ని తెలిపే సమయం) లెక్కగట్టే పద్ధతిలో కోణం 10 శాతం తప్పితే ఫలితం సుమారు 20 శాతం తప్పుతుంది.

అయినా వారం రోజులు మనసు కుదుటపడలేదు. భారతీయులు అన్నీ అందాజుగా కానిచ్చేస్తారని అనుకుని ఉంటుందేమో!

సంక్రాంతికి కర్నూలు వెళ్లాను. కేసీ కాలువ కింద పండిన సోనా బియ్యం సంచి విప్పి, అమ్మ రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూసింది. ఎసట్లోంచి అర గ్లాసు నీళ్లు తీసేసింది.

"నిన్న ఆ నీళ్లు కూడా పోశావు కదమ్మా!"

"నిన్నటి సంచి వేరు నాయనా. ఇవి కొత్త బియ్యం."

అందాజంటే ఇది. ప్రతిసారీ గింజ కొరికి చూడటం. నేను చేసింది అందాజు కూడా కాదు, నిన్నటి సంచిని నమ్మడం. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇబ్బంది లేదు. కానీ ఆ టెక్నీషియన్ నన్ను పక్కకు పిలిచి చెప్పి ఉండాల్సింది. అమ్మ ఆ మాట వంటింట్లో, నాకొక్కడికే వినపడేలా చెప్పింది.