ఆపింది నేనే

బుధవారం ఉదయం ఆఫీసుకు వెళ్లేసరికి ఒక నోటు వచ్చి ఉంది. నాలుగే వాక్యాలు. సాయంత్రం 6.10కి పరీక్ష యంత్రానికి కరెంటు ఆగింది. గోడకున్న స్విచ్ ఆపడం జరిగింది. రెండు రోజుల మెమరీ పోయింది. సోమవారం మళ్లీ మొదలుపెడదాం. బృందంలో పదకొండు మందికీ అది వెళ్లింది. ఎక్కడా నా పేరు లేదు.

"ఆపడం జరిగింది" లాంటి మాట మన దగ్గర ప్రభుత్వ కాగితాల్లోనే ఉంటుంది. ఇంట్లో "పాలు పొంగడం జరిగింది" అని ఎవరైనా అంటే అమ్మ గరిటె పట్టుకుని వస్తుంది.

మాది నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్ శివారున చిన్న సంస్థ. పోలీసులు స్వాధీనం చేసుకున్న కంప్యూటర్లలో ఏముందో వెతికే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. ఇన్నాళ్లూ హార్డ్ డిస్కుతో సరిపెట్టాం. ఇప్పుడు ర్యామ్‌ను, అంటే కంప్యూటర్ నడుస్తున్నంతసేపు వాడుకునే తాత్కాలిక మెమరీని, చదివే పనిముట్లు కూడా చేరుస్తున్నాం. ఆ పని నాది. నడుస్తున్న ప్రోగ్రాములు, తెరిచి ఉన్న నెట్‌వర్క్ కనెక్షన్లు, తాళం వేసిన డిస్కును తెరిచే కీ, ఇవన్నీ దొరికేది ర్యామ్‌లోనే. కరెంటు పోతే అవీ పోతాయి. ఒకప్పుడు సోదాకు వెళ్లినవాళ్లు ముందు వైరు పీకేవారు. త్వరగా మాయమయ్యేదాన్ని ముందు సేకరించాలని 2002లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3227 అనే మార్గదర్శక పత్రం చెప్పింది. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది కూడా నేనే. ఇక నా పరిస్థితి ఊహించుకోండి.

మా బాపు కాజీపేట డీజిల్ లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు. హనుమకొండలో మా ఇంట్లో మనిషి గది దాటాక ఫ్యాను తిరగకూడదు. తిరిగిందంటే "బిల్లు మీ మేనమామ కడతాడా?" అనేవారు. ఊరికి బయలుదేరితే వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి మరీ స్విచ్‌లు చూసుకునేవారు. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో పెరిగిన వేలు నాది. మంగళవారం కోటు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, తలుపు పక్కనున్న మూడు స్విచ్‌లూ ఆపేశాను. మొదటి రెండు దీపాలవి.

కరెంటు ఆపిన తర్వాత కూడా ర్యామ్‌లోని సమాచారం కొన్ని సెకన్ల నుంచి నిమిషాల దాకా నిలుస్తుందనీ, చిప్‌ను బాగా చల్లబరిస్తే ఇంకాసేపు ఉంటుందనీ 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపించారు. మా యంత్రం మాత్రం పద్నాలుగు గంటలు ఆగి ఉంది.

మా బృందానికి పెద్ద ఒకావిడ. అమ్మకంటే రెండేళ్లు పెద్దది. పేరు పెట్టి పిలవాలి, నాకు ఇప్పటికీ నాలుక తిరగదు. వెళ్లి "అది నేనే" అన్నాను. "తెలుసు. స్విచ్ మీద టేపు వేద్దామా?" అంది. అంతే, మళ్లీ తన పనిలో పడింది. ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.

నా మొదటి ఉద్యోగం హనుమకొండ చౌరస్తా దగ్గర కంప్యూటర్లు బాగుచేసే షాపులో. ఒక పెళ్లి ఫొటోలున్న డిస్కును పొరపాటున ఫార్మాట్ చేశాను. షాపు అన్న బజారంతా వినేలా మా ఏడు తరాలనూ తిట్టిపోశాడు. గంట గడిచాక మిర్చి బజ్జీలు తెప్పించి, నూనె అంటిన పేపరు నా వైపు జరిపి, "తిను, ముఖం చూడు ఎట్లా ఉందో" అన్నాడు. ఆ బజ్జీతో లెక్క తీరిపోయింది. ఇక్కడ తిట్టేవాళ్లు లేరు, బజ్జీ లేదు. మరి తప్పు ఎక్కడికి పోవాలి? మన తిట్టు ర్యామ్ లాంటిది, తెల్లారితే ఉండదు. వీళ్ల నోటు డిస్కు మీది రాత, ఐదేళ్ల తర్వాత వెతికినా దొరుకుతుంది. మూడు రోజులు ఇదే వాదన నాతో నేనే వాదించుకున్నాను. అయితే షాపు అన్న తిట్టిన తిట్లు ఈ రోజుకీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలను. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

సోమవారం మళ్లీ మొదలుపెట్టాం. పాత విండోస్ 7 యంత్రం, 4 జీబీ ర్యామ్. అందులో కావాలని ఒక దాక్కునే ప్రోగ్రామును వదిలాం. బుధవారం ర్యామ్‌ను ఫైలుగా తీసుకుని, మా సాఫ్ట్‌వేర్‌కు జతచేసిన వోలటిలిటీ 3 అనే ర్యామ్ చదివే పనిముట్టుతో రెండు విధాలుగా వెతికాం. విండోస్ పెట్టుకునే ప్రోగ్రాముల గొలుసును పట్టుకుని కొక్కెం తర్వాత కొక్కెం దాటుతూ పోవడం ఒకటి. గొలుసును నమ్మకుండా ర్యామ్ అంతా జల్లెడ పట్టడం రెండోది. దాక్కున్నది గొలుసులోంచి తన కొక్కెం ఊడదీసుకుంటుంది కానీ జల్లెడలో చిక్కుతుంది. ముగిసిపోయిన ప్రోగ్రాముల ఆనవాళ్లు కూడా జల్లెడలో తేలతాయి కాబట్టి, గొలుసులో లేని ప్రతిదాన్నీ దొంగ అనలేం. ముగిసిన సమయం ఉందో లేదో చూడాలి. ఆ సమయం లేని వరుస ఒక్కటే మిగిలింది. ఆవిడ తెర మీద దాన్ని వేలితో చూపించి "అదిగో" అంది. నాకైతే బజ్జీ తిన్నట్టే ఉంది.

మూడో స్విచ్ మీద ఇప్పుడు నారింజ రంగు టేపు ఉంది. దాని మీద ఆవిడ డచ్‌లో రాసింది, కింద నేను తెలుగులో "ఆపవద్దు" అని రాశాను. ఆ సాయంత్రం బయలుదేరబోతుంటే బాపు ఫోన్ చేశారు.

"ఏదో తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది బిడ్డా, ఆపలేదా?"

"ఆపుతున్నాను బాపూ" అని, దీపాలు రెండూ ఆపి బయటికి నడిచాను.