పొడిగా ఉంచిన సగం వరండా

బుధవారం, రాత్రి పది.

పొద్దున ఏడింటికే వాన పట్టుకుంది. చెమ్మకు నా ఎడమకాలికి కట్టుకునే చువ్వల కాలిపర్ తోలుపట్టీలు మెత్తబడతాయి, రోజూ పెట్టే కన్నం కంటే ఒకటి లోపలికి బిగించుకోవాలి. తొడ దగ్గర రెండు, మోకాలి కింద ఒకటి, పిక్క దగ్గర ఒకటి. లేచి నిలబడ్డాక మోకాలి లాకు కిందికి జారి ‘టక్’మనాలి. ఆ చప్పుడు చెవిన పడందే అడుగు వేయను. పదకొండో ఏట ఒకసారి వేసి, బడి మెట్ల మీద నుంచి దొర్లాను.

ఆస్పత్రిలో నాకు మెట్లంటే భయం లేదు, తడి గచ్చంటేనే భయం. కర్ర కింద రబ్బరు బుష్ ఎంత కొత్తదైనా ఫినాయిలు నీళ్ల మీద నిలవదు. నాలుగేళ్ల కిందట నేను జారబోయి గోడ పట్టుకోవడం ఊడ్చే ఆయమ్మ చూసింది. మర్నాటి నుంచి వరండాను నిలువునా రెండు సగాలు చేసుకుంది. గోడవైపు సగం నేను లోపలికి పోయిందాకా తుడవదు. నేను అడగలేదు, ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఈరోజు జల్లు లోపలికి కొడుతుంటే ఆ సగాన్ని పాతచీర గుడ్డతో ఒత్తుతూ కూర్చుని ఉంది. “నిదానంగా రా మేడమ్మా” అంది. నా చదువులో, ఉద్యోగంలో ఇంత తెలివైన ఏర్పాటు ఇంకెవరూ చేయలేదు.

బుధవారం టీకాల రోజు. వానైనా తల్లులు వచ్చారు. ఒకటిన్నర దాకా తల ఎత్తలేదు.

ఆఖర్న ఒక తల్లీకూతురు వచ్చారు. పత్తికొండ వాళ్లు. నాన్న టమోటా మార్కెట్లో హమాలీ. పాపకు పద్దెనిమిదేళ్లు, నీట్ రాసింది. టీకాల కోసం కాదు, నన్ను చూసిపోదామని బస్సెక్కి వచ్చారు. కాళ్లకు చువ్వలు కట్టుకుని పిల్లల డాక్టరు చేస్తున్న ఆమె కర్నూల్లో ఉందని ఎవరో చెప్పారట.

పాప కుడిభుజం లేవదు. కాన్పులో భుజం తట్టుకుని, మెడ దగ్గరి నరాలు సాగిపోయాయి. పట్టు మాత్రం బాగుంది, నా వేళ్లు గట్టిగానే నొక్కింది. వైకల్యానికిచ్చే సదరం సర్టిఫికెట్‌లో 45 శాతం అని ఉంది. నీట్‌కు మళ్లీ వేరే డాక్టర్ల బోర్డు ముందుకు పోవాలి. “చేయి లేకుంటే డాక్టరు సీటు ఇయ్యరంట గదా మేడం, కోచింగులో సారు చెప్పినాడు” అంది తల్లి.

ఆ సారు చెప్పింది పాత మాట. రెండు చేతులూ చెక్కుచెదరకుండా ఉండాలని, స్పర్శా బలమూ కదలికా చాలినంత ఉండాలని 2019 నాటి మెడికల్ అడ్మిషన్ల నిబంధనల్లో ఉండేది. 2025 ఫిబ్రవరి 21న సుప్రీంకోర్టు ఆ షరతు రాజ్యాంగానికి ఒప్పదని చెప్పింది. అంతకుముందు 2024 అక్టోబరు 15న మరో తీర్పు వచ్చింది. శాతం చూసి తోసేయకూడదు, ఈ మనిషి ఈ చదువు సాగించగలరా అని బోర్డు చూడాలి, కాదంటే ఎందుకు కాదో రాసివ్వాలి. ఈ రెండు తేదీలూ పాప నోటుబుక్కులో నా చేత్తోనే రాసిచ్చాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ఉన్నత చదువుల్లో మాలాంటోళ్లకు 5 శాతం సీట్లు ఉన్నాయనీ రాశాను. నా కాలంలో అది 3 శాతం.

నా కాలంలో అంటే టేపు గుర్తొస్తుంది. బోర్డు వాళ్లు రెండు తొడల చుట్టుకొలతలు తీసి తేడా రాసుకున్నారు. మెట్లెక్కమన్నారు, గొంతుకూర్చోమన్నారు. ఏం చేయలేనో అంతా కాగితం మీదికెక్కింది. ఎట్లా చేసుకుంటావమ్మా అని ఒక్కరూ అడగలేదు. పీజీ అప్పుడు ఒక పెద్ద ప్రొఫెసరు ప్రేమగానే చెప్పాడు, “పాథాలజీ తీసుకో తల్లీ, కూర్చుని చేసే పని” అని. పాథాలజీ చిన్న పని కాదు. కానీ నాకు పిల్లలు కావాలి. ఊపిరి తీయని పసిబిడ్డకు మాస్కు పెట్టి, నిమిషానికి నలభై నుంచి అరవైసార్లు గాలి కొట్టాలి. దానికి చేతులు కావాలి, లెక్క తప్పని బుర్ర కావాలి. నా కాలు ఆ పనిలోకే రాదు. స్టూలు మీద కూర్చునే ఎంతమందిని ఏడిపించానో.

మా సీమోళ్లకు పెద్ద జబ్బంటే రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రే. తొమ్మిదో ఏట నాన్న నన్ను అక్కడికే తీసుకుపోయాడు, కాలిపర్ కొలతలకు. అక్కడే డాక్టర్ మేరీ వర్గీస్ ఉండేవారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1954లో ప్రమాదంలో వెన్నుదెబ్బ తగిలి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరిపించారు. ఈ సంగతి ఆ తొమ్మిదేళ్ల వయసులో ఎవరైనా చెప్పుంటే! అందుకే ఈరోజు పాపకు చెప్పాను.

పాప అంతా విన్నది. తర్వాత నా పరీక్ష బల్ల చూపించి, “ఇది ఎవరు చేయించినారు మేడం?” అంది.

కూర్చుని చూసుకోవడానికి వీలుగా బళ్లారి చౌరస్తా దగ్గరి వడ్రంగితో కాళ్లు కోయించిన బల్ల అది. నా స్టూలు మీద కూర్చోమన్నాను. కూర్చుంది. భుజం ఎత్తకుండానే కుడిచేయి బల్లమీదికి వచ్చింది. టీకా వేయించుకుని ఇంకా బయల్దేరని ఒక తల్లిని అడిగి బిడ్డను పడుకోబెట్టాను. కుడిచేత్తో బిడ్డ పక్కను ఆనించి పట్టుకుని, ఎడమచేత్తో స్టెతస్కోపు పెట్టి వినింది. ఎంతసేపటికీ తీయలేదు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టి “నూట ముప్పైరెండు” అంది. నేను విన్నాను. సరిగ్గానే ఉంది.

అన్నీ చేయగలదని నేను చెప్పలేదు. కొన్ని పనులు ఆ భుజంతో కష్టం, పక్కన ఇంకో మనిషి కావాలి. ఏ బ్రాంచి పట్టుకోవాలో ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్ అయినాక తానే తేల్చుకుంటుంది. ఇప్పుడే గేటు దగ్గర తేల్చేయడం అన్యాయం.

పోతూ పోతూ తల్లి తలుపు దగ్గర ఆగింది. “నేను ఇంకొంచెం ఓర్చుకోనింటే పాపను అట్లా లాగకపోదురు మేడం” అంది. పద్దెనిమిదేళ్లుగా మోస్తోంది ఆ మాట. నీ తప్పు కాదమ్మా, భుజం తట్టుకుంటే ఎవరి చేతుల్లోనైనా జరగొచ్చు అని చెప్పాను. తల ఊపింది. నమ్మినట్టు లేదు.

మా అమ్మా అంతే. 1985లో కోడుమూరు దగ్గర మా ఊళ్లో నాకు ఏడాదిన్నరప్పుడు జ్వరమొస్తే ఎత్తుకుపోయి పిరుదుకు సూది వేయించింది. తెల్లారేసరికి ఎడమకాలు పడిపోయింది. సూదితోనే పోయిందని ఊరంతా అన్నారు. ఎంబీబీఎస్‌లో చదువుకున్నాక ఇంటికి పోయి అమ్మకు విడమరచి చెప్పాను. పోలియో వైరస్ అప్పటికే ఒంట్లో ఉంది, అట్లాంటప్పుడు కండకు సూది పడితే ఆ కాలికే దెబ్బ తగలొచ్చు, సూదిలో విషమేమీ లేదు అని. బరువు దించుతున్నాననుకున్నాను. అమ్మ అంతా విని, “అయితే ముందే చుక్కలు వేయించింటే ఏమీ కాకపోవునా?” అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఈరాత్రి ఎనిమిదింటికి అమ్మ ఫోన్ చేసింది. వాన పడిందా, తిన్నావా అయ్యాక ప్రతి బుధవారం అడిగేదే అడిగింది.

“ఎంతమంది వచ్చినారు?”

“ముప్పైనాలుగు.”

“అందరికీ చుక్కలు వేసినావా?”

“వేసినామ్మా.”

“సరే, పండుకో పో” అని పెట్టేసింది.