ఆదివారం వింత

మా డిగ్రీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో శుభోదయం పువ్వులు నిషేధం. బదులుగా ఆదివారం ఎవరో ఒకరు ఒక వింత చెప్పాలి. ఈ వారం వంతు హనుమకొండలో ఉన్న నాది. రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని రాశాను. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. పునాదిలో ఇసుక, పైన బరువు లేని ఇటుక!

దుబాయ్‌లో ఉన్నవాడు "మరి మన ఇటుక?" అని అడిగాడు. అంతే, కరీంనగర్ మిత్రుడు పెరట్లోని ఇటుకను బకెట్లో వేసి వీడియో పంపాడు. బుడుంగున మునిగింది. (ముందే తెలిసినా అందరం మళ్లీ మళ్లీ చూశాం.) పెళ్లిళ్లలో కూడా కలవలేకపోతున్న వాళ్లం మధ్యాహ్నం దాకా ఇటుకల మీదే వాదించుకున్నాం.

వచ్చే వారం వంతు జగిత్యాల వాడిది. వేయి స్తంభాల గుడికి వచ్చి, స్తంభాలన్నీ లెక్కపెట్టి తేలుస్తానని ఇప్పటికే బెదిరిస్తున్నాడు.