అనంతగిరిలో కాళ్ళ లెక్క

జూన్ చివరి శనివారం. ఆరుద్ర కార్తె నడుస్తోంది. ముందురోజు రాత్రి వాన పడడంతో అనంతగిరి దారంతా ఎర్రమట్టి వాసన. వికారాబాద్ పక్కనున్న ఈ కొండలు హైదరాబాద్ నుంచి రెండు గంటల దూరమే. అయినా మా ఏడో తరగతి పిల్లల్లో సగం మంది అడవిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. 22 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం, ఆరు భూతద్దాలు, ఒక పాత తెల్ల దుప్పటి.

బస్సు దిగగానే ఒకమ్మాయి "టీచర్, పురుగు!" అని కేకేసి వెనక్కి గెంతింది. చూస్తే గడ్డిలో ఆరుద్ర పురుగు, ఎర్రటి ముఖమల్ గుడ్డ తుంపు పడినట్టుంది. చిన్నప్పుడు మేం వీటిని పట్టి అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్ళం. పేరు చెప్పకుండా, "కాళ్ళెన్నో లెక్కపెట్టమ్మా" అన్నాను. కంగారులో ఆరంది. భూతద్దం పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిది.

మనం పాకేదాన్నల్లా పురుగు అనేస్తాం. కీటకం అనాలంటే మాత్రం ఆరు కాళ్ళుండాలి, ఒళ్ళు తల, రొమ్ము, పొట్టగా మూడు భాగాలై ఉండాలి. ఆ లెక్కన ఆరుద్ర పురుగు సాలీడుకి చుట్టం. కాసేపటికి రాయి కింద రోకలిబండ దొరికింది. పుల్లతో తాకగానే చుట్ట చుట్టుకుంది. "ఇదీ కీటకం కాదు టీచర్, దీని కాళ్ళు లెక్కపెట్టాలంటే సాయంత్రమైపోతుంది" అని పిల్లలే తేల్చేశారు.

అసలు తగాదా జిల్లేడు చెట్టు దగ్గర వచ్చింది. ఆకు అడుగున గొంగళిపురుగు, ఒంటినిండా నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటివి. దీనికి కాళ్ళు పదహారు! సీతాకోకచిలుక కీటకమైతే దాని పిల్లకి పదహారు కాళ్ళేమిటని ఒకబ్బాయి గట్టిగా నిలదీశాడు. ఆ ప్రశ్నకి నాకెంత సంతోషమేసిందో! ఆకుని మెల్లగా తిప్పి చూపించాను. తల దగ్గర ఆరు సన్నగా, కీళ్ళతో, కొనదేలి ఉన్నాయి. అసలు కాళ్ళు అవే. వెనకాల పది మెత్తటి కండ దిమ్మల్లాంటివి, ఆకుని పట్టుకోవడానికి. రెక్కలొచ్చేనాటికి అవి ఉండవు. ఈ పురుగే నారింజ రంగు రెక్కల ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక అవుతుంది. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి రావు. ఇది విన్నాక ఆ అబ్బాయి ఆ చెట్టు దగ్గర్నుంచి అరగంట కదల్లేదు. నేనూ తొందరపెట్టలేదు.

మధ్యాహ్నం పొద కింద దుప్పటి పరిచి కొమ్మని కర్రతో తట్టాం. మిడతలు, పెంకు పురుగులు, వేలెడంత గొల్లభామ రాలాయి. చూసి, బొమ్మ గీసుకుని, వదిలేయాలన్నది ముందే పెట్టుకున్న షరతు.

అనంతపద్మనాభస్వామి గుడి నుంచి వచ్చేటప్పుడు, వాన తగలని ఒక బండ నీడన పొడిమట్టిలో గరాటుల్లాంటి చిన్న చిన్న గుంటలు కనిపించాయి. చీమల్ని పట్టి తినే యాంట్‌లయన్ అనే కీటకం పిల్లపురుగులు తవ్వినవి. ఒకడు చీమని పట్టి వేయబోతే పక్కపిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది. బదులుగా గడ్డిపోచతో అంచుని కదిపాం. రెండు మట్టి రేణువులు దొర్లాయో లేదో, అడుగునుంచి పిల్లపురుగు మట్టి చిమ్ముకుంటూ పైకొచ్చింది. గుంట చుట్టూ అంతమంది పిల్లలున్నా ఒక్క మాట లేదు.

తిరుగు ప్రయాణంలో నోటుబుక్కులు తిరగేశాను. పొద్దున భయపడి గెంతిన అమ్మాయి పుస్తకం ఆఖరి పేజీలో ఒక నల్లటి పెంకు పురుగు బొమ్మ. కింద రాసుంది: "ఆరు కాళ్ళు. వీపు మీద రెండు పసుపు చుక్కలు. మీసాలు ఒంటికంటే పొడుగు. పేరు ఇంకా కనుక్కోవాలి."