సెరంగో దారిలో బేతేలు ప్రవక్త

మా బాప్టిస్టు సంఘాలలో తీర్థయాత్ర అనే ఆచారం లేదు; దేవుని ముందు ఒక స్థలం ఎక్కువా మరొకటి తక్కువా కాదని మా పెద్దలు నేర్పారు. అయినా శ్రమల దినాలలో, అంటే ఈస్టరుకు ముందు ఉపవాస కాలంలో, ఒక శనివారం ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి బయలుదేరి, కొంతదూరం జీపులోనూ మిగిలిన కొండదారి నడిచీ సెరంగో చేరుకుని, అక్కడి సవర గిరిజన విశ్వాసులతో కలిసి సాయంత్ర ఆరాధన చేయడం మా తెలుగు సంఘంలో కొందరికి అలవాటైంది. దీన్ని యాత్ర అంటే మా పాస్టరు గారు ఒప్పుకోరు, కానీ ఆయన కూడా నడుస్తారు. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు తెలుగు నేల మీదుగానే ఈ కొండలకు వచ్చారు, సెరంగోలో ఆసుపత్రి కట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్నది కూడా ఈ కొండల మనుషుల దగ్గరే కనుక, ఈ దారికి తెలుగువాళ్ల రాకపోకలు కొత్త కాదు.

ఆ రోజు సాయంత్ర ఆరాధన దాకా ఏమీ తినకూడదని అందరం తీర్మానించుకున్నాం. వరుస క్రమంలో మా బైబిలు పఠనానికి వచ్చిన భాగం మొదటి రాజుల గ్రంథం 13వ అధ్యాయం. పాస్టరు గారు దాన్ని జీపు దిగిన చోటనే, ఒక పనస చెట్టు కింద చదివించారు.

కథ ఇది. ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యానికి రాజైన యరొబాము బేతేలు అనే ఊళ్లో బలిపీఠం దగ్గర ధూపం వేస్తుండగా, దక్షిణాన ఉన్న యూదా రాజ్యం నుంచి ఒక దైవజనుడు వచ్చి, యోషీయా అనే రాజు పుట్టి ఈ బలిపీఠం మీద యాజకుల ఎముకలు కాలుస్తాడని ప్రకటిస్తాడు. పట్టుకొమ్మని చాచిన రాజు చెయ్యి ఎండిపోతుంది, బలిపీఠం బద్దలవుతుంది, ప్రార్థన చేయగా చెయ్యి మళ్లీ బాగవుతుంది. రాజు భోజనానికి పిలిస్తే దైవజనుడు ఒప్పుకోడు: ఇక్కడ అన్నం తినకూడదు, నీళ్లు తాగకూడదు, వచ్చిన దారిన తిరిగి వెళ్లకూడదు అన్నది తనకు అందిన ఆజ్ఞ. అయితే బేతేలులోనే ఉన్న ఒక ముసలి ప్రవక్త గాడిద మీద వెంటపడి వచ్చి, దేవదూత తనతో మాట్లాడాడని అబద్ధం చెప్పి ఆయనను ఇంటికి తీసుకుపోతాడు. ఇద్దరూ బల్ల దగ్గర ఉండగానే, అబద్ధమాడిన ఆ ముసలివాడి నోటనే దేవుని తీర్పు వెలువడుతుంది. అతిథి తిరుగుదారిలో సింహం చేతిలో చనిపోతాడు. అబద్ధమాడినవాడికి ఏమీ కాదు.

మధ్యాహ్నానికి ఒక సవర పల్లెలో నీడ చూసుకుని కూర్చున్నాం. ఒక ముసలామె చోడి అంబలి తెచ్చి, "తాగండి బాబూ, ఎండలో నడిచొచ్చారు" అని గిన్నెలు ముందు పెట్టింది. మా సంఘపు పెద్దాయన మారు మాట లేకుండా తాగేశారు. ప్లస్ టూ చదువుతున్న మా మేనల్లుడు గిన్నె ముట్టుకోలేదు సరికదా, "తాతయ్యా, పొద్దున చదివింది మరిచిపోయారా? ఆయన తిన్నందుకే కదా సింహం చంపింది" అన్నాడు. "నాకు సింహం భయం లేదురా, షుగరు భయం ఉంది" అని పెద్దాయన నవ్వారు. అక్కడి నుంచి సెరంగో దాకా మా మాటలన్నీ ఆ కథ మీదే సాగాయి.

మేనల్లుడి అభ్యంతరం న్యాయమైనదే. మోసపోయినవాడికి మరణం, మోసం చేసినవాడికి ప్రవచనం ఏమిటి? ఈ ఇబ్బంది పాతకాలం నుంచీ ఉంది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసిఫస్ దైవజనుడికి యాదోను అని పేరు పెట్టి, ముసలివాణ్ణి పచ్చి కపటిగా చిత్రించాడు: చెయ్యి అలసటతో మొద్దుబారిందనీ, కొత్తగా కట్టిన బలిపీఠం బరువు ఆగక కూలిందనీ ఆ ముసలివాడే రాజుకు నచ్చజెప్పినట్టు రాశాడు. కథ సులువైంది గానీ, అదంతా బైబిలులో లేదు. యూదుల పురాతన ధర్మగ్రంథం తల్మూదులోని రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఇంకో వైపు నుంచి చూశారు. అతిథికి పెట్టిన ఒక్క ముద్ద ఎంత గొప్పదంటే, తప్పుడు ప్రవక్త మీదికి కూడా దేవుని సన్నిధిని రప్పించిందని వాళ్లు అన్నారు. పెద్దాయనకు ఇది బాగా నచ్చింది. నాకు మాత్రం, ఆ ముద్ద తిన్నవాడి గతి ఏమైందో చూస్తే, ఇది సగం జవాబే అనిపిస్తుంది.

నేను ఈ కథను సరిహద్దు మనిషిగా చదువుతాను. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. మహేంద్రతనయ ఒడ్డున మా పెళ్లిళ్లూ పేరంటాలూ మాత్రం రెండు వైపులా జరుగుతూనే ఉన్నాయి. బేతేలు కూడా అటువంటి సరిహద్దు ఊరే, యెరూషలేముకు 20 కిలోమీటర్ల లోపే. రాజ్యం రెండుగా చీలాక, జనం పండుగలకు యెరూషలేము వెళితే మనసులు కూడా అటే పోతాయని భయపడి, యాత్రను ఆపడానికే యరొబాము అక్కడ బంగారు దూడను నిలబెట్టాడు. అటువంటి ఊళ్లో యూదా మనిషి కూర్చుని తింటే, చుట్టరికం ఒప్పుకున్నట్టే. చీలిక మీద, ఆ దూడ మీద ఆక్షేపణ లేదని చెప్పినట్టే. కాబట్టి తినకపోవడం ఆయన భక్తికి పెట్టిన పరీక్ష కాదు, ఆయన తెచ్చిన సందేశంలో అది సగం. బలిపీఠం ముందు నోటితో చెప్పినదాన్ని ముసలివాడి బల్ల దగ్గర నోటితోనే చెరిపేశాడు. సవర పల్లెలో అంబలి సంగతి వేరు. అక్కడ మా ఉపవాసం మేము పెట్టుకున్నదే తప్ప ఎవరికీ చెప్పవలసిన వార్త కాదు. గిన్నె తిప్పి పంపితే నొచ్చుకునేది ఆ ముసలామె ఒక్కతే.

ఇక సింహం. అది ఆయనను చంపింది గానీ తినలేదు, గాడిదను చీల్చలేదు, శవానికి ఒక పక్క సింహం, ఒక పక్క గాడిద నిలబడి ఉండగా దారిన పోయేవాళ్లు చూసి ఊళ్లో చెప్పారు. తినడానికే పుట్టిన మృగం, ప్రవక్త నిలుపుకోలేకపోయిన ఆజ్ఞను తాను నిలిపింది. బేతేలు నేల మీద తినకూడదన్న మాట అలా మళ్లీ అందరి కళ్ల ముందు నిలబడింది. ఇది చెప్పినప్పుడు మేనల్లుడు కాసేపు ఏమీ అనలేదు, తరవాత "అయినా ముసలాయన ఎందుకు అబద్ధమాడాడు మావయ్యా?" అన్నాడు.

బైబిలు కారణం చెప్పదు. నా ఊహ నేను చెప్పాను. బలిపీఠం దగ్గర జరిగింది కొడుకులు చూసి వచ్చారు, తండ్రి మాత్రం ఇంట్లో ఉన్నాడు. రాజు దూడను నిలబెట్టినప్పుడు ఈ ప్రవక్త నోరెత్తినట్టు ఎక్కడా లేదు. పక్క రాజ్యం నుంచి వచ్చినవాడు తాను చెప్పవలసిన మాట చెప్పిపోతే, అది నిజమో కాదో తేల్చుకోవాలనుకుని ఉంటాడు. తిన్నాక ఏమీ జరగకపోతే ఊరు బతికినట్టే. జరిగితే మాట నిజం. శవాన్ని తెచ్చి తన సొంత సమాధిలో పెట్టి, సోదరుడా అని ఏడ్చి, తన ఎముకలు కూడా ఆయన ఎముకల పక్కనే పెట్టమని కొడుకులకు చెప్పడంలో ఆ పరీక్ష ఫలితం ఉంది. ఆ మాట తప్పక నెరవేరుతుందని అతడే ఒప్పుకున్నాడు. సుమారు 300 ఏళ్ల తరవాత యోషీయా వచ్చి బేతేలు సమాధులు తవ్వించి ఎముకలు కాల్చినప్పుడు, ఆ ఒక్క సమాధిని ముట్టుకోవద్దన్నాడు. అబద్ధమాడినవాడి ఎముకలు మోసపోయినవాడి చాటున దక్కాయి. ఇది న్యాయమా అని మేనల్లుడు మళ్లీ అడిగాడు. న్యాయం అని నేను అనలేదు, కనికరం అన్నాను. అతడు ఒప్పుకోలేదు.

సాయంత్రం ఆరాధనలో పాస్టరు గారు అదే అధ్యాయం తెలుగులో చదవగా, ఒక సవర సోదరుడు తన భాషలో వివరించాడు. మేము పొద్దున సింహం దగ్గర ఆగిపోయాం గానీ, పాస్టరు గారు 33వ వచనం మీదనే ఎక్కువ సేపు నిలబడ్డారు: ఇంత జరిగాక కూడా యరొబాము మారలేదు, ఎవరు కోరితే వారిని ఉన్నత స్థలాలకు, అంటే గుట్టల మీది పూజాస్థలాలకు, యాజకులుగా నియమించాడు. చెయ్యి ఎండిపోయి బాగుపడింది ఆయనకే, మాట వచ్చింది ఆయన కోసమే. మనం మాత్రం ఇద్దరు ప్రవక్తల తప్పు తూచుకుంటూ రాజును వదిలేశామని ఆయన అన్నారు. తరవాత అందరికీ అన్నం, పప్పు వడ్డించారు. మేనల్లుడు రెండుసార్లు పెట్టించుకున్నాడు.