పెద్దకార్యం అయ్యాక

మా ఆవిడ పోయాక పదకొండు రోజులూ ఇల్లు జనంతో నిండే ఉంది. కోటిపల్లి రేవులో అస్థికలు కలిపాం, పెద్దకార్యం అయింది, ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. కష్టం అక్కణ్ణించి మొదలైంది.

ముందు దెబ్బతినేది ఒళ్లే. ఆకలి చచ్చిపోతుంది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఆకలేసినప్పుడు తిందామనుకుంటే రోజు గడిచిపోతుంది. అందుకే గడియారం చూసి తిన్నాను: ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు, ఒంటిగంటకు పప్పన్నం, మజ్జిగ. ముద్ద దిగని పూట రాగిజావ. బీపీ, షుగరు మాత్రలు ఇన్నాళ్లూ ఆవిడే అందించేది. ఇక మర్చిపోవడం ఖాయం. ఏడు గదుల డబ్బా కొని ఆదివారం ఆదివారం నింపుకోవాలి.

నిద్రమాత్రలు ఎవరో ఒకరు మెడికల్ షాపు నుంచి తెచ్చిస్తారు. డాక్టరు రాయనిదే వద్దు. కొన్ని వారాల్లోనే అలవాటైపోతాయి, పెద్దవాళ్లు రాత్రి లేచి మత్తులో పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. మద్యం తాగితే త్వరగా నిద్ర పట్టినా నడిరాత్రి లేపేస్తుంది. నాకు పనికొచ్చింది పొద్దున్నే కాలువ గట్టు మీద అరగంట ఎండలో నడక.

ఛాతీ నొప్పిని 'దిగులులే' అని వదిలేయకండి. గట్టి దుఃఖంలో గుండె ఎడమ గది కొస ఉబ్బి నీరసించే జబ్బొకటి ఉంది, టకోట్సుబో. 1990లో జపాన్ డాక్టర్లు, ఆక్టోపస్‌లు పట్టే కుండలా కనిపించిందని ఆ పేరు పెట్టారు. నడివయసు దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. చాలామంది వారాల్లో కోలుకుంటారు. కానీ అది గుండెపోటా, ఇదా అని ఇంట్లో తేల్చలేం. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

భర్త పోయిన ఆడవాళ్లను ఇప్పటికీ మూల కూర్చోబెడుతున్నారు. ఎండ, నడక, మాట మూడూ ఒకేసారి ఆపేయడం అది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దయచేసి మానండి.

దుఃఖం తగ్గినట్టే తగ్గి అట్లతద్దికో, సంక్రాంతి ప్రభలకో మళ్లీ ముంచుతుంది. అది మామూలే. సంవత్సరీకం దాటినా రోజూ అదే తీవ్రతతో పనులు సాగకపోతే మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. చనిపోవాలనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ నంబరు టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పరామర్శకు రాదల్చుకున్నవాళ్లు ఇరవయ్యో రోజున, నలభయ్యో రోజున క్యారేజీ పట్టుకుని రండి. వాళ్లు తినేదాకా పక్కనే కూర్చోండి.